దూరం పోయే చప్పుడు

నిజాం పాలన పోయిన కొత్తలో ఒక జాగీర్దారు అమ్ముకున్న రెండు సీట్ల స్పోర్ట్స్ కారును నేను కొన్నాను. దాని బలం పెంచింది కరీంనగర్ మిస్త్రీ. చేత్తో ఏది తిప్పినా కళ్లు మూసుకునే తిప్పేవాడు.

పిస్టన్ ఇంకాస్త కిందికి దిగి, ఇంకాస్త పైకి లేచేలా ఇంజన్లో దాన్ని ఆడించే క్రాంకు మార్చి వేరేది వేశాడు. పైకి లేచిన పిస్టన్ పై మూతలో ఉండే వాల్వుకు తగిలిందంటే ఇంజన్ ముక్కలే. అందుకని ఇంటి నుంచి తెచ్చిన జొన్నపిండి ముద్దను నూనె రాసి పిస్టన్ మీద అద్దాడు. మూత బిగించి, కళ్లు మూసుకుని క్రాంకును చేత్తో మెల్లగా తిప్పాడు. విప్పి చూస్తే పిండి మీద వాల్వు అచ్చు నెలవంకలా పడింది. దాని కింద గోరు మందం పిండి మిగిలే ఉంది.

"జాగ ఉన్నది వకీల్ సాబ్. ఇగ ఫికర్ లేదు."

మర్నాడు పొద్దున ఊరి బయట, పెద్దపల్లి రోడ్డు మీద, నా పక్కన ఎక్కమన్నాను.

"నేనెక్కితే గీ బండి దూరం పోవుడు నాకెట్ల ఇనవడ్తది?" అని మైలురాయి మీద కూర్చున్నాడు.

పెద్దపల్లి దాకా పోయి తిరిగొచ్చాను. అతను అక్కడే, కళ్లు మూసుకుని కూర్చున్నాడు. పక్కన ఆపి, ఇంజన్ కట్టేశాను.

అయినా చాలాసేపు కళ్లు తెరవలేదు.