ఆకాశానికి ఇచ్చేసిన బొమ్మలు

మా వీధి చివర కొత్తగా ఫొటో స్టూడియో పెట్టారు. సాయంత్రం వాళ్ళు ఫొటోలు కడిగిన మందునీళ్ళు కాలువలో పారబోస్తే ఆ పులిసిన ఘాటు వాసన మా అరుగు దాకా వస్తుంది. ఇంట్లోవాళ్ళు గబగబా తలుపులు వేసుకుంటారు. నేను మాత్రం కుర్చీ కాస్త ముందుకు జరుపుకుంటాను. ఆ వాసన తగిలితే నాకు దానియేలు మాస్టారు పక్కన నిలబడ్డట్టుంటుంది. ఆయన్ని ఎరిగినవాళ్ళు ఈ ఊళ్ళో నేను తప్ప ఎవరూ మిగల్లేదు. అందుకని పాత డైరీలు తిరగేసి, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

గోదావరి మీద రైలు వంతెన కట్టిన కొత్తలో నేను రాజమండ్రిలో ఒక మిషను స్కూల్లో లెక్కల మాస్టరుగా చేరాను. దానియేలు గారు అక్కడ డ్రాయింగు చెప్పేవారు. లూథరన్ సంఘం మనిషి, నాకన్నా బాగా పెద్దవారు, అయినా నన్ను ఏనాడూ ‘అండి’ లేకుండా పిలవలేదు. స్వదేశం వెళ్ళిపోతూ ఒక దొరసాని ఆయనకు తన చిన్న కెమేరా ఇచ్చి వెళ్ళింది. అప్పటిదాకా మేము చూసిన కెమేరా అంటే మూడు కాళ్ళ మీద నల్లగుడ్డ కప్పుకొని నిలబడేదే. ఇది ఒంటిచేత్తో పట్టుకునే పెట్టె. గాజుపలకకు బదులు లోపల చుట్టిన ఫిల్ము ఉంటుంది. సెలవు రోజున దాన్ని కండువా కింద పెట్టుకొని మెయిన్ బజారు నుంచి కోటిలింగాల రేవు దాకా నడిచేవారు, తోడుగా నేను. ఫొటో అంటే కుర్చీలో బిగుసుకొని కూర్చోవడమే అని జనం అనుకునే రోజుల్లో ఆయన బేరమాడేవాళ్ళని, ఆవులించేవాళ్ళని, జట్కా దిగుతూ జారిపడబోయేవాళ్ళని పట్టేవారు.

ఆయనకో పద్ధతి ఉండేది. చెప్పి తీస్తే మొహం బిగుసుకుపోతుందని చెప్పకుండా తీసేవారు. కానీ తీసిన మరుక్షణం ఆ మనిషి దగ్గరికి వెళ్ళి, “మీ బొమ్మ పట్టానండి. ఉంచమంటారా, తీసెయ్యమంటారా?” అని అడిగేవారు. తీసెయ్యమంటే ఫిల్మును ముందుకు తిప్పకుండా, కెమేరాను ఆకాశంవైపు ఎత్తి మీట తెరిచి ఉంచేవారు. అదే చోట వెలుగు నిండిపోయి, ముందు పడిన బొమ్మ మాసిపోయేది. దాన్ని ఆయన ‘ఆకాశానికి ఇచ్చెయ్యడం’ అనేవారు.

జట్కావాడైతే, “ఉంచండి బాబూ! గుర్రం కూడా పడిందాండి?” అనేవాడు. కల్లుపాక గుమ్మంలో దొరికిన మునసబు కోర్టు గుమాస్తా మాత్రం చేతులు జోడించాడు. “తీసెయ్యండి మాస్టారూ, మీకు పుణ్యముంటుంది. ఇంట్లో ద్రాక్షారామం వెళ్తున్నానని చెప్పొచ్చాను.” మాస్టారు నవ్వకుండా కెమేరా పైకెత్తారు.

నాకు మనసు ఒప్పలేదు. “అంత మంచి బొమ్మ! ఉంచేస్తే ఆయనకేం తెలుస్తుందండి?” అన్నాను.

“కెమేరా నాది, మొహం ఆయనది. మధ్యలో మీ వాటా ఏంటండి?” అన్నారాయన.

ఒక కార్తిక మాసపు ఉదయం రేవుకు దిగే సందులో ఒక దూడ ఎవరో పెద్దమనిషి ఉత్తరీయం అంచు నోట కరుచుకుంది. ఆయన లాగుతున్నాడు, అది నములుతోంది. దారిన పోయేవాళ్ళందరూ నవ్వారు. అందులో శేషమ్మ గారున్నారు. స్నానానికి వెళ్తున్న విధవరాలు, తెల్లచీర, గుండు మీద ముసుగు. ఆవిడ నోరంతా తెరిచి నవ్వుతుండగా మాస్టారు మీట నొక్కారు. ఊళ్ళో పేరున్న ప్లీడరు ఇంటి మనిషి ఆవిడ. ఆ ప్లీడరు ఆవిడకు మరిది.

మాస్టారు నాలుగడుగుల దూరంలో ఆగి, ఎప్పుడూ అడిగేదే అడిగారు. ఆవిడ నవ్వు ఆగిపోయింది.

“అందులో నా మొహం కనబడుతుందా నాయనా? అద్దంలోలాగా?”

“కనబడుతుందమ్మా.”

“తొమ్మిదో ఏట నా చేతిలో అద్దం లాక్కున్నారు. మళ్ళీ చూసుకుంది లేదు. గోదాట్లో చూద్దామంటే నీళ్ళలో మొహం నిలవదాయె.” ముసుగు సర్దుకున్నారు. “అద్దం చూడొద్దన్నారు గానీ, కాగితం చూడొద్దని ఎవరూ అనలేదు కదా? ఉంచు నాయనా. నేను చూసేదాకా ఉంచు.”

సందులో మాట బజారుకు పాకడానికి ఎంతసేపు? మర్నాడే ప్లీడరు గారు స్కూలుకు వచ్చి మాస్టారిని పిలిపించారు. నేను హాజరుపట్టీ ఇవ్వడానికి వెళ్ళి హెడ్మాస్టరు దొర గదిలో చిక్కుకుపోయాను.

“మా వదిన బొమ్మ తీశావట. ఇంటి పరువు బజార్న పెడతావా? ఆ ఫిల్ము ఇలా పడెయ్!”

“ఆవిడ తీసెయ్యమంటే తీసేస్తానండి.”

“ఆవిడ తరఫున నేనే చెబుతున్నానయ్యా!”

“బొమ్మలో తమరు లేరు కదండి.”

ప్లీడరు గారి మొహం ఎర్రబడింది. దొరకు ఊరితో తగువు పెట్టుకోవడం ఇష్టం లేదు. సోమవారానికల్లా బొమ్మ లేకుండా చెయ్యాలని, లేదంటే వేరే కొలువు చూసుకోవాలని తేల్చేశారు. మాస్టారికి ముగ్గురు పిల్లలు. వరండాలో నేను బతిమాలాను. “ఇచ్చెయ్యండి మాస్టారూ, ఒక్క బొమ్మే కదా!” ఆయన, “చూపిస్తానని మాటిచ్చానండి” అని క్లాసుకు వెళ్ళిపోయారు.

ఆదివారం పొద్దున చర్చికి వెళ్ళేముందు ఆయన రేవుకు వచ్చారు, వెంట నేనూ. ఎండలో పెట్టి కాగితం మీదకు దింపిన బొమ్మను, దాని ఫిల్ము ముక్కను మెట్టు మీద పెట్టి దూరంగా జరిగారు. తడిబట్టలతో మడిలో ఉన్న శేషమ్మ గారు వంగి, క్షణం ఆగారు. నేను, “మడి పోతుందేమోనమ్మా” అన్నాను. “పోతే పోయింది. గోదారి ఇక్కడే ఉందిగా, మళ్ళీ మునుగుతాను” అని తీసుకున్నారు.

బొమ్మను కళ్ళకు దగ్గరగా పెట్టుకొని చూశారు. తర్వాత, “ఇదేంటి నాయనా, ఇది మా అమ్మ!” అన్నారు.

ఆవిడ బొమ్మను వెలుగుకు తిప్పి పట్టుకున్నారు.

“మా అమ్మ పోయి ఎన్నేళ్ళో. మొహం మరిచిపోయానని ఎంత ఏడ్చానో తెలుసా! ఇన్నాళ్ళూ నా దగ్గరే ఉందన్నమాట.” తడిచెయ్యి చీరకు తుడుచుకొని బొమ్మ మీద వేలు ఆనించారు. “మా మరిది నీ కొలువు తీయిస్తానన్నాడటగా. ఇక తీసెయ్యి.”

“నా కోసమైతే వద్దమ్మా. అది నేను చూసుకుంటాను. మీకు ఎలా కావాలో చెప్పండి.”

“నాకే అలా కావాలి. దగ్గరుంటే రోజూ చూడాలనిపిస్తుంది. చూడగా చూడగా అది నేనైపోతాను. మా అమ్మను మా అమ్మలాగే ఉండనీ.”

బొమ్మనూ ఫిల్ము ముక్కనూ ఆవిడే నీళ్ళలో వదిలి, ముక్కు మూసుకొని మునిగారు.

సోమవారం మాస్టారు దొరతో, “బొమ్మ లేదండి” అన్నారు, అంతే. కొలువు నిలిచింది. తానే నెగ్గానని ప్లీడరు గారు ఊరంతా చెప్పుకున్నారు. ఆవిడ బొమ్మ చూశారన్న సంగతి ఆయన మొహాన అనాలని నా నాలుక దురద పెట్టింది. మాస్టారు పసిగట్టి, “ఆ సంగతీ ఆవిడదే కదండి” అన్నారు.

ఆ ఏటినుంచి నాకొక అలవాటు పట్టుకుంది. డైరీలో ఎవరి గురించైనా ఇంటి గుట్టులాంటిది రాస్తే, ఆ మనిషికే చదివి వినిపించి, ఉంచమంటారా అని అడుగుతాను. మా ఆవిడ చాలా కొట్టేయించింది. మా తమ్ముడు ఒక సంవత్సరం మొత్తం కొట్టేయించాడు. కొందరు ఒక్క అక్షరం తీయొద్దన్నారు; వాళ్ళు ఒప్పుకుంటారని నేను కలలో కూడా అనుకోలేదు. చెరిపేసిన గీతల కింద ఏముందో ఇప్పుడు నాకే తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

ఈ నాలుగు పేజీలకు మాత్రం అడుగుదామంటే ఆవిడ లేరు, మాస్టారూ లేరు. రాయకుండా ఉండలేకపోయాను. శేషమ్మ అన్నది ఆవిడ పేరు కాదు.