మా కళ్ళంలో టెన్నిస్, నేను చెప్పిన ఒక 'ఔట్'

మా చిన్నతనంలో మినుముల నూర్పిడి అయిపోతే చాలు... కళ్ళం మా టెన్నిస్ కోర్టు అయిపోయేది. నరసన్నపేట పక్కన పల్లె మాది. పేడతో అలికి గట్టిపడిన నేల, మధ్యలో రెండు గుంజలకు కట్టిన పాత చేపలవల, ముగ్గుపిండితో గీతలు. ఇదంతా మా మావయ్య ఏర్పాటు. ఆయన హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు.

నేర్చుకున్నది ఇద్దరం... అక్క, నేను. అక్క నాకంటే ఏడాదిన్నర పెద్ద. ఆట కూడా తనదే మెరుగు. ఇందులో మొహమాటమేమీ లేదు, ఊళ్ళో అందరికీ తెలుసు.

నాకు పన్నెండేళ్ళప్పుడు విజయనగరంలో ఎంపిక పోటీలు పెట్టారు. గెలిచిన ఒక్కరికే హైదరాబాదులో శిక్షణ. ఫైనల్లో మేమిద్దరమే మిగిలాం... మావయ్య సంతోషం పట్టలేక అందరికీ సోడాలు పంచాడు.

చిన్నపిల్లల ఆటలకు అంపైర్లు ఉండేవారు కాదు. మన వైపు పడిన బంతి లోపలో బయటో మనమే చెప్పాలి. చివరి సెట్లో అక్కకు ఇంకొక్క పాయింటు చాలు. తను కొట్టిన బంతి సరిగ్గా నా వెనక గీత మీద పడింది. సున్నం లేచింది... నేను కళ్ళారా చూశాను.

"ఔట్" అన్నాను.

అక్క వల దగ్గరికొచ్చింది. "సరిగ్గా సూసినావేటే?"

"సూసినాను."

తను వెనక్కి వెళ్ళి గీత దగ్గర నిలబడింది. ఆ తర్వాత తన ఆట గాడి తప్పింది. నేను గెలిచాను. బస్సులో ఇంటిదాకా అక్క కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

హైదరాబాదు వెళ్ళాను. పద్దెనిమిదో ఏట ప్రొఫెషనల్ అయ్యాను. తొమ్మిదేళ్ళు ఆడాను... రైలు బెర్తులు, పేర్లు గుర్తులేని ఊళ్ళు, నలుగురు చూస్తుండగా గెలిచిన ఆటలు. ఒకసారి విదేశంలో పెద్ద టోర్నమెంటుకు అర్హత పోటీ దాకా వెళ్ళి గంటలో ఓడిపోయాను. భుజానికి రెండు ఆపరేషన్లయ్యాయి. ఇరవై ఏడో ఏట ఆపేశాను. చెప్పుకోవడానికి అంతే.

అక్క ఇప్పుడు నరసన్నపేటలో ఆడపిల్లల బడిలో వ్యాయామ టీచరు. కిందటి నెల వాళ్ళింటికి వెళ్ళాను. తను గోంగూర వలుస్తోంది. పక్కన కూర్చుని చెప్పేశాను... ఆ బంతి లోపలే పడిందని.

చేతులు ఆగలేదు. "నాకు తెల్దేటి?" అంది.

"మరి అప్పుడే ఎందుకు సెప్పలేదే?"

"సెప్తే మావ నిన్ను ఏటంటాడోనని ఊరుకున్నాను. ఆ తరవాత వచ్చింది కోపం. శానా ఏళ్ళు ఉన్నాది."

నేనూ ఒక గోంగూర కట్ట అందుకున్నాను. తనే మళ్ళీ అంది... "రేపు మా బడికి రా. పిల్లలకి నువ్వు గెలిసినవి వద్దు. ఇది సెప్పు."

వెళ్ళాను. నలభై మంది ఆడపిల్లలు మైదానంలో కూర్చుని విన్నారు. అక్క వెనకాల నిలబడి వింది. పూర్తవగానే ఈల ఊది వాళ్ళను పరుగుకు పంపేసింది.

ఇంటికొస్తుంటే దారిలో అడిగింది... "ఆ విదేశం ఆటలో ఏటైందే? మొదటినుంచి సెప్పు."

ఇన్నేళ్ళలో అక్క నా ఆట గురించి అడగడం అదే మొదటిసారి. ఇల్లు చేరేదాకా చెబుతూనే ఉన్నాను.

ఇప్పుడు పెద్ద కోర్టుల్లో బంతి లోపలో బయటో యంత్రమే చెప్పేస్తోంది... ఆడేవాళ్ళ మాటతో పనే లేదు. మా రోజుల్లో పన్నెండేళ్ళ పిల్ల మాటే తీర్పు.

మీ చిన్ననాటి ఆటల్లోనూ ఇలా మిగిలిపోయిన మాట ఏదైనా ఉందా? ఉంటే ముందు ఆ మనిషికి చెప్పండి... ఆ తర్వాత ఇక్కడ రాయండి.