రావులపాలెం కాటాల మీద నా స్పోర్ట్స్ కారు

కారు ఉంచుకోవాలా, అమ్మేయాలా అన్నది తేల్చుకోవడానికి పోయిన ఆదివారం రాజమహేంద్రవరం నుంచి కోనసీమ బయల్దేరాం. నాది రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు. దీన్ని నడిపించేవి వెనక చక్రాలు కాబట్టి మలుపులో కాస్త తొందరపడితే చాలు, వెనక భాగం పక్కకు జారుతుంది. పోయిన నెల చినుకుల్లో కొత్తపేట దాటాక కాలవ మలుపులో అలాగే జారి, నీళ్ళకు రెండడుగుల ఇవతల ఆగింది. పక్కనున్న నా భార్య వసంత వెంటనే కారు దిగింది. వెనకాలే వచ్చిన బస్సుకు చెయ్యెత్తి, అమలాపురంలో వాళ్ళ పిన్నిగారింటికి వెళ్ళిపోయింది. సాయంత్రం ఫోన్లో తీర్పు చెప్పింది. "ఇంకొక్కసారి ఎక్కుతానండీ. నేనుండగా మళ్ళీ జారిందంటే ఆ రోజే అమ్మకానికి పెట్టేయాలి." పదకొండేళ్ళు ప్రాణంలా చూసుకున్న కారు.

ఉదయం ఆరింటికి బయల్దేరితే ఏడు కాకుండానే రావులపాలెం చేరాం. మీరు వెళ్ళేట్టయితే ఇంకా ముందే వెళ్ళండి, అరటి మార్కెట్ లారీలు రోడ్డెక్కాయంటే అంగుళం కదలరు. అక్కడ సత్తిబాబు గారని, ముప్పై ఏళ్ళుగా బళ్ళ సస్పెన్షన్ పని చేస్తున్న మెకానిక్ ఉన్నారు. ఆయన చెయ్యి పడితే బండి దారికొస్తుందని మా ఆఫీసులో ఒకాయన చెప్పాడు. కారు అప్పగించి, పక్క హోటల్లో పెసరట్టు ఉప్మా తిని వచ్చేసరికి పని అయిపోయింది. పదిహేను వందలు తీసుకుని, "వెనక షాక్ అబ్జార్బర్లు బాగా బిగించేనండీ. ఇంక తిరుగులేదండీ" అన్నారు ధీమాగా.

వసంతను ఆయన షెడ్డులో కుర్చీలో కూర్చోబెట్టి, ముందు నేనొక్కడినే కొత్తపేట వైపు తీసుకెళ్ళాను. నలభై స్పీడులో, చిన్నపిల్లలు కూడా సైకిలు మీద తిరిగేసే మలుపులో, వెనక చక్రాలు సర్రున జారాయి. ముందుకంటే ఘోరం! వెనక్కి తిప్పుకుని పావుగంటలో షెడ్డులో ఉన్నాను. నా మొహం చూసే వసంతకు సంగతి అర్థమైపోయింది.

"సత్తిబాబు గారూ, వెనక ఎందుకు బిగించారండీ అంతలా?"

"బరువు వెనకే కదండీ పడేది."

"ఏం బరువు?"

"గెలలండీ."

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఆయన దగ్గరకు వచ్చే ప్రతి బండీ అరటి గెలలు మోసేదే. టన్నుల బరువు మీద పడే బండికి వెనక గట్టిగా ఉండాలి. నా కారు డిక్కీలో గొడుగు పెడితే ఇంకేం పట్టదు. మోసే బరువు లేకుండా వెనక అంత గట్టిగా ఉంటే టైర్లు రోడ్డును పట్టుకోవు, ఎగిరి పక్కకు పోతాయి. ఇదంతా గొంతు చించుకుని చెప్పాను.

ఆయన శాంతంగా విని, "ఆయ్, అలాగాండీ. పొరపాటే చేసేనండీ. మరి దీంట్లో లోడేంటండీ?" అన్నారు.

"లోడు లేదండీ బాబూ, మనుషులే!"

"అయితే మనుషుల్నే తూద్దావండీ" అని మార్కెట్లోంచి గెలలు తూచే కాటాలు నాలుగు తెప్పించి, చెక్కలతో ఎత్తు సమం చేసి, ఒక్కో చక్రం కింద ఒక్కోటి పెట్టారు. కుడి ముందు, ఎడమ వెనక చక్రాల బరువు కలిపితే మిగతా రెండింటితో సరిపోవాలట. అప్పుడే కారు రెండు వైపులా ఒకేలా తిరుగుతుందట. నేను స్టీరింగ్ ముందు కూర్చున్నాను. అంకెలు చక్కగా కలిశాయి. నాకు గర్వమేసింది, స్ప్రింగుల ఎత్తు ఇంట్లో నేనే పెట్టుకున్నాను మరి.

"చెల్లెమ్మగారు కూడా ఎక్కాలండీ" అన్నారాయన.

"బండి కదలదు కదండీ?" అని రెండుసార్లు అడిగి వసంత ఎక్కింది. లెక్క చెదిరిపోయింది.

ఆయన గడ్డం గోక్కుంటూ, "ఇంటికాడ సెట్టింగు చేసినప్పుడు సీట్లో ఏం పెట్టేరండీ?" అని అడిగారు.

"నా బరువుకు సరిపడా బియ్యం బస్తాలు."

"ఎడం సీట్లోనండీ?"

"అందులో... ఏమీ పెట్టలేదు."

వసంత నావైపు తిరిగింది. "పదకొండేళ్ళ నుంచీ నేను అందులోనే కూర్చుంటున్నానండీ" అంది నెమ్మదిగా.

తర్వాత గంటన్నర ఇద్దరం కదలకుండా కూర్చున్నాం. సత్తిబాబు గారు వెనక బాగా వదులు చేసి, ముందు కాస్త బిగించి, ఎడమ స్ప్రింగుల ఎత్తు మార్చి, లెక్క కలిసేదాకా వదల్లేదు. రెండోసారి డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు సరికదా, గెలలోంచి కోసిన ఒక అత్తం చక్కెరకేళీ అరటిపళ్ళు తెచ్చారు. వసంత అందుకుని, "డిక్కీలో వద్దండీ, మళ్ళీ లెక్క మారిపోద్ది" అని ఒళ్ళో పెట్టుకుంది.

పదకొండింటికి కొత్తపేట దాటి ఆ కాలవ మలుపు దగ్గరకు వచ్చాం. ఆమె ఎడం చెయ్యి తలుపు పిడిని బిగించి పట్టుకుని ఉంది. నాలుగు చక్రాలూ రోడ్డును పట్టుకుని, కారు బుద్ధిగా తిరిగింది. వసంత పిడి వదిలేసి, పండు ఒలిచి, సగం నాకిచ్చింది.

ఇన్నేళ్ళూ మలుపుల్ని, రోడ్డుని, టైర్లని తిట్టుకున్నాను. పొద్దున సత్తిబాబు గారిని తిట్టినంత పనీ చేశాను. ఆయన లేని గెలల్ని లెక్కలో వేశారు. నేను ఉన్న మనిషిని లెక్కలోంచి తీసేశాను. ఇలాంటి కారు సస్పెన్షన్ సరిచేయించడానికి మీరూ వెళ్తే, పక్క సీట్లో కూర్చునే మనిషిని వెంట తీసుకెళ్ళండి. ఇంట్లో మీరే చేసుకుంటే ఆ సీట్లోనూ బియ్యం బస్తా పెట్టండి, బరువెంతో మాత్రం ముందు ఆవిణ్ణే అడగండి.