పెళ్లిపాటలు తుడిచేసిన లైనక్స్

ఘాజియాబాద్‌లో మా ఇంట్లో ఈ మధ్యాహ్నం జరిగింది. నా కోపం ఇంకా తగ్గలేదు.

మా అబ్బాయికి విండోస్ అంటే ప్రాణం, అల్లుడికి లైనక్స్. ఎప్పుడు కలిసినా అదే గొడవ. ఈ రోజు అన్నాలు తిన్నాక నా పాత కంప్యూటర్ మీద పడ్డారు. నేను కునుకు తీసి లేచేసరికి అల్లుడు అందులో ఉన్నదంతా తుడిచేసి లైనక్స్ ఎక్కించేశాడు. మా ఆవిడ పాడుతుంటే ఒక్కో అక్షరం వెతుక్కుని నేను టైపు చేసిన పెళ్లిపాటలు, ముప్ఫై ఎనిమిదీ పోయాయి.

"బ్యాకప్ లేదా మామయ్యా?" అన్నాడు అల్లుడు.

"అరే యార్, విండోస్ ఉంచితే పోయేవా బావా?" అన్నాడు మావాడు.

"మీ విండోస్‌లో అయితే వైరస్ ఎప్పుడో తినేసేది."

నా ముందే మళ్లీ మొదలుపెట్టారు. పాటల సంగతి ఇద్దరికీ పట్టలేదు.

నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. రెండు నోటుపుస్తకాలు, రెండు పెన్నులు తెచ్చి వాళ్ల ముందు పెట్టాను. "ఆవిడ పాడుతుంది, రాయండి" అన్నాను. సాయంత్రానికి నాలుగు పాటలయ్యాయి. ఇక్కడే చదివిన మావాడికి తెలుగు రాయడం రాదు, హిందీ అక్షరాల్లో రాశాడు. మిగతావి అయ్యేదాకా ప్రతి ఆదివారం ఇద్దరినీ రమ్మన్నాను.

అల్లుణ్ని అలా కూర్చోబెట్టకూడదని మా ఆవిడ అంటోంది. మీరేమంటారు?