నాలుగు వేళ్ళ ఆకాశం

అరవై ఎనిమిదో, తొమ్మిదో. రోళ్ళు పగిలే ఎండాకాలం. మా బావ విమానం ఎక్కుతున్నాడన్న వార్త విజయనగరంలో మా వీధిని పునాదులతో సహా కుదిపేసింది. జూట్ మిల్లు పనిమీద కలకత్తా వెళ్ళినవాడు, "రేపు ఉదయం ఆరింటి విమానంలో విశాఖ వస్తున్నాను" అని తంతి కొట్టాడు. ఎనిమిదో నెల కడుపుతో ఉన్న మా అక్క, ఆయన కాలు నేలకి ఆనేదాకా పచ్చి మంచినీళ్ళయినా ముట్టనని శ్రీముఖలింగం స్వామికి మొక్కేసుకుంది.

తెల్లారి ఎనిమిదయ్యేసరికి అక్క పెదాలు సున్నం కొట్టినట్టయ్యాయి. ఊళ్ళో సగం మందికి పురుడు పోసిన పక్కింటి మామ్మ నా మీద పడింది.

"ఒరే, సదువుకున్నోడివి గదా! ఆ ఇమానం ఎప్పుడు దిగుతాదో లెక్క కట్టి సెప్పు. ఇదిలాగుంటే కడుపులో బిడ్డ ఏటవుతాదిరా?"

తలుపు రెక్కంత కొత్త అట్లాసు పరిచాను. పూలు కట్టే దారం ఒక కొస కలకత్తా విమానాశ్రయం మీద, రెండోది విశాఖ విమానాశ్రయం మీద పెట్టాను.

"అలా తిన్నగా వస్తాదేటి? పలాస మీంచి రావద్దా?" అంటూ మామ్మ దారాన్ని రైలు పట్టాల వెంట వంచింది.

"దానికి పట్టాలుండవు మామ్మా" అని మళ్ళీ లాగాను. నాలుగు వేళ్ళ దారం. కింద ఉన్న కొలతగీత మీద పెడితే ఏడువందల డెబ్బై. విమానం గంటకి నూట అరవై మైళ్ళు పోతుందని బావ వెళ్ళేముందు లక్షసార్లు కోతలు కోశాడు. భాగిస్తే దాదాపు ఐదు గంటలు.

"పదకొండుకి దిగుతాది అక్కా."

"ఇంకా మూడు గంటలా!" అంటూ అక్క గోడకి చేరబడింది.

తొమ్మిదిన్నరకి ఒరిగిపోయింది. మామ్మ తడిగుడ్డ మొహానికి అద్దుతూ నా చెవి కొరికినంత పని చేసింది: "దిగిపోనాదని సెప్పీరా!"

అబద్ధాలాడ్డంలో జిల్లాకే పేరున్నవాణ్ణి. ఆ పూట మాత్రం, దేవుడి మొక్కు మీద, నా నాలుక లేవలేదు. మళ్ళీ కొలిచాను. మళ్ళీ ఏడువందల డెబ్బై. అక్క చేయి పట్టుకుంటే మంచులా ఉంది.

పదిన్నర. నా లెక్కలో విమానం కళింగపట్నం దాటేసింది. అక్క పిలిస్తే పలకడం లేదు. ఇక పాపం నాకే చుట్టుకోనీ అని, నోట్లో పోసేద్దామని మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాను. వాకిట్లో రిక్షా ఆగింది. పెట్టెతో బావ!

"ఏటి, ఏటయినాది? నేను తొమ్మిదికే దిగిపోనాను!"

ఆ గొంతుకి అక్క కళ్ళు తెరిచింది. గంజి గటగటా తాగింది. పొట్ట మీద చెయ్యి వేసుకుని, "తంతన్నాడు" అంది. మామ్మ చతికిలబడి ఏడ్చేసింది.

బావ అట్లాసు చూశాడు. "ఒరే ఎదవా, ఇవి కిలోమీటర్లురా!"

అప్పుడప్పుడే రోడ్ల మీద కిలోమీటరు రాళ్ళు పాతుతున్నారు. వాటినీ మేం మైలురాళ్ళనే అనేవాళ్ళం. రాయి మీదున్నా, పటం మీదున్నా, అంకె కనబడితే అది మైలే. అలా బావని ఇంకో రెండు గంటలు గాల్లో వేలాడదీశాను.

భయంతో నేనూ పొద్దుట్నుంచి తినలేదు. కంచం ముందు కూర్చోబోతే అక్క లాగేసింది.

"నీకింకా పదకొండు కానేదు గదరా. ఆగు."