కోళ్లకు పెట్టాల్సింది నేను తిన్న రోజు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లోకంలో లేదని నా గట్టి నమ్మకం. డిగ్రీ అయిపోయింది, కోరుట్లలో కోళ్ల దాణాలో కలిపే పొడి అమ్మే ఉద్యోగం దొరికింది, మెడలో టై కూడా ఉంది (కోళ్ల షెడ్డులో టై ఎందుకని కోళ్లు కూడా అడగలేదు). వాము, వెల్లుల్లి, లవంగం నూనెలు పట్టించిన పొడి అది. వామును మా ఇళ్లలో ఓమ అంటారు. కోడి కడుపులో చెడ్డ బాక్టీరియాను తగ్గిస్తుందని, యాంటీబయాటిక్ మందుల అవసరం అంతగా ఉండదని మాకు నేర్పారు. ఇంత మంచి సరుకును మూడు నెలల్లో ఒక్క బస్తా కూడా అమ్మలేకపోయాను. "శనివారం దాక చూస్త. ఒక్క ఆర్డరన్న తేకుంటె బ్యాగు ఈడ పెట్టి ఇంటికి పో" అన్నాడు మా మేనేజరు. "రైతుకు ఇంగ్లీషుల చెప్తె ఎట్ల సమజైతది? తెలుగుల చెప్పు" అని ఒక సలహా కూడా పారేశాడు.

ఆ సలహా పట్టుకుని శనివారం పొద్దున కొడిమ్యాలలో ఒక అక్క నడిపే షెడ్డుకు వెళ్లాను. కోళ్లు నీళ్ల విరేచనాలతో పారుకుంటున్నాయి, కింద పరిచిన ఊకంతా తడిసి కంపు కొడుతోంది. నాకు మంచి తరుణం. బాక్టీరియాను తెలుగులో పురుగు చేసేసి, "అక్కా, నా సంచిల పురుగుల మందున్నది" అన్నాను. మా వైపు ఆ మాటకు చేనుకు కొట్టే విషమని ఒకటే అర్థం. అది నాకూ తెలుసు, ఆ క్షణాన తట్టలేదంతే.

అక్క నన్ను కిందికీ మీదికీ చూసింది. "అది సంచిల ఏసుకొని ఎందుకు తిరుగుతున్నవు తమ్మీ?" అంది మెల్లగా.

"ఏం చెప్పాలె అక్కా. ఇయ్యాల నువ్వు తీసుకోకుంటె నా కథ ఒడిసినట్టే" అన్నాను, ఉద్యోగం సంగతి మనసులో పెట్టుకుని.

ఆమె మొహం పాలిపోయింది. బేరం కుదురుతోందనుకున్నాను. "దీంతోని ఏం కాదు, సూడు" అంటూ శాంపిల్ పొట్లం విప్పి చెంచాడు పొడి నోట్లో వేసుకున్నాను. నాలుక భగ్గుమంది. "అత్తా, పోరడు మందు తిన్నడు" అని అక్క పెట్టిన కేకకు వాళ్ల అత్త పరుగెత్తుకొచ్చింది. ఇద్దరూ నా టై పట్టుకుని లాక్కెళ్లి ఆటోలో కూలేశారు. నిద్రపోకూడదని జగిత్యాల దాకా నా చెంపలు వాయిస్తూనే ఉన్నారు. మొద్దుబారిన నాలుకతో నేను "ఓమ... ఓమ" అని మొత్తుకుంటుంటే, "అమ్మను యాది జేస్తుండు పాపం" అని ఆ అత్త కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఆసుపత్రిలో డాక్టరు నా నోటి వాసన చూసి, పొట్లం మీది అక్షరాలు తీరిగ్గా చదివాడు. "నీకేం కాలే. రేపు గుడ్డు పెడితె మాత్రం తీసుకరా, చూస్త" అన్నాడు.

బయటికొచ్చాక అక్క నలిగిన నా టై సరిచేసింది. "ఒక బస్తా రాసుకో" అంది.

"పొడి మంచిదని నమ్మినవా అక్కా?"

"గదంత నాకు తెల్వది. ఇంకొకల్ల ముంగట మాత్రం గిట్ల నోట్లె పోసుకోకు."

నా ఉద్యోగం నిలబడింది. తడి ఊక తీసేసి, నీళ్ల తొట్లు కడిగి, పొడి కలిపాక కోళ్లూ తేరుకున్నాయి (ఘనతంతా నేనే కొట్టేశాను). నా మాటకారితనానికే ఆమె పడిపోయిందని చాలా ఏళ్లు కాలరెగరేసుకుని తిరిగాను. ఈ పిల్లాణ్ని వట్టి చేతులతో పంపితే ఏమవుతాడోనన్న భయంతో ఆమె ఆ బస్తా కొన్నదని, నా జుట్టు కాస్త నెరిశాక గానీ అర్థం కాలేదు. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది, సిగ్గేస్తుంది, ఆ అక్కకు ఒకసారి దండం పెట్టి రావాలనిపిస్తుంది.