వాయిదాకు చెయ్యెత్తినవాళ్లు

రూపవతి మీద మా అధ్యక్షుడికి కోపం వచ్చింది. వస్తే రానీ! నాకు అంతకంటే ఎక్కువ వచ్చింది, ముందు మా పాలకమండలి వాళ్ల మీద, తర్వాత నా మీద.

టొరంటోలో నూటయాభై ఏళ్ల కిందట పెట్టిన ఒక విజ్ఞాన సంఘానికి నేను పాలకమండలి సభ్యుణ్ణి. పేరు అమరేశ్వరరావు, రిటైరైన కెమిస్ట్రీ ప్రొఫెసర్ని. మా ఆఫీసుకున్న ఒకే ఒక్క ఉద్యోగి రూపవతి. నరసాపురం పిల్ల. వాళ్ల నాన్న సువార్తరాజు అక్కడి చర్చి కమిటీకి ఇరవై ఏళ్లు సెక్రటరీ. మనవాళ్ల పిల్లలు విమానాల నిండా చదువుకి దిగుతున్న రోజుల్లో తనూ దిగింది. మిస్సిసాగాలో కాలేజీ, పక్కనే వాన్ అనే ఊళ్లో వేర్‌హౌస్ పెట్టెలు మోయడం, ఆ తర్వాత మా దగ్గర. పందొమ్మిదో శతాబ్దపు మినిట్స్ పుస్తకాలు చదివి టైపు చేస్తుంది, ఇప్పటి సమావేశాల మినిట్స్ రాస్తుంది.

జూన్ ఆఖరుకి తన వర్క్ పర్మిట్ అయిపోతుంది. ఆలోగా పీఆర్‌కి, అంటే శాశ్వత నివాసానికి, అప్లై చేయాలంటే, మా దగ్గర ఫలానా పని చేస్తోందని సంఘం లెటర్ ఇవ్వాలి. అర పేజీ. దానికి పాలకమండలి ఆమోదం కావాలట! దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్నారా?

మార్చిలో అడిగింది. లెటర్‌హెడ్ నిబంధనలు చూడాలన్నారు, వాయిదా. ఏప్రిల్‌లో వ్యవస్థాపకుడి చిత్రపటం ఏ గోడకి తగిలించాలా అని గంటసేపు కొట్టుకున్నారు, టైమ్ లేదు, వాయిదా. మే నెలలో ఒకాయనకి సెలవు గడపడానికి కాటేజీకి పోయే తొందర. మళ్లీ వాయిదా. మూడుసార్లూ ఆ పిల్ల బల్ల చివర కూర్చుని, తన కాగితం వాయిదా పడిందని తన చేత్తోనే రాసుకుంది.

మే సమావేశం రోజు అందరూ వెళ్లాక, “వచ్చే నెల అయిపోతుందిలేమ్మా” అన్నాను.

“ఒకటి చూపిస్తా, రండంకుల్” అని నూటనలభై ఏళ్ల కిందటి మినిట్స్ పుస్తకం తెరిచింది. “ఈమె పేరు హన్నా. ఒక రైతు భార్య. రోజుకి మూడుసార్లు టెంపరేచర్ నోట్ చేసి సొసైటీకి పంపేది. థర్మామీటర్ పగిలింది, కొత్తది పంపండని అడిగింది. చదవండి.”

ఏడు సమావేశాలు. ఏడు వాయిదాలు. ప్రతిసారీ వాయిదాకు చెయ్యెత్తినవాళ్ల పేర్లు. ఎనిమిదోసారి ఒకటే వాక్యం: ఆమె మరణించినందున విషయం ముగిసినది.

ఒక్క థర్మామీటర్! “ఛీ, సిగ్గులేని మనుషులు!” అన్నాను. ఒక్కొక్క పేరు మీదా వేలుపెట్టి మరీ తిట్టాను.

“మా డాడీ కూడా పేర్లు రాయందే ఒప్పుకునేవారు కాదంకుల్. ‘కమిటీ అన్నది’ అని రాస్తే ఎవరూ అననట్టే, అనేవారు.”

జూన్ సమావేశం వచ్చింది. కిందటి నెల మినిట్స్ ఎవరూ చదవరు, చదివినట్టే అనుకుని అధ్యక్షుడు సంతకం పెడతాడు. ఈసారి రూపవతి లేచి గట్టిగా చదివింది. “ఉద్యోగి లెటర్ విషయం మూడోసారి వాయిదా. చెయ్యెత్తినవారు...” ఐదు పేర్లు. ఐదోది నాది.

నిజమే, ఎత్తాను. పక్కవాళ్లు ఎత్తారని ఎత్తాను. పాడు చెయ్యి!

అధ్యక్షుడి మొహం ఎర్రబడింది. “పేర్లెందుకు? తీసెయ్.”

“జరిగిందే రాశాను. తప్పుంటే చెప్పండి” అంది.

తప్పెక్కడుంది? నేను లేచాను. ఆ లెటర్ మీద సంతకం పడేదాకా ఇక్కణ్ణుంచి ఎవరూ కదలడానికి వీల్లేదని అరిచాను. ముప్పై ఏళ్లు క్లాసుల్ని అదిలించిన గొంతు, మూడు నెలల్లో కాని పని పావుగంటలో అయింది.

లెటర్ బ్యాగులో పెట్టుకుంటూ రూపవతి, “థాంక్స్ అంకుల్. మీరే ప్రతిపాదించారని ఇవాళ్టి మినిట్స్‌లో రాస్తాను” అంది.

“మరి మే నెలది?”

“అదీ ఉంటుందంకుల్. జరిగింది కదా.”

ఉండాలి. ఇంకో నూటనలభై ఏళ్లకి ఎవరో ఒకరు నా పేరు మీద వేలుపెట్టి తిడతారు. తిట్టనీ.